విజ్ఞానసర్వస్వమున ఆత్మస్తుతి - వికీపీడియా చరిత్రలో ఒక అధ్యాయము

మహాభారతమున కర్ణపర్వమందు ఒక ఘట్టము కలదు. కర్ణుని బాణములచే నొచ్చి శిబిరమునకు మరలిన ధర్మరాజు, కర్ణుని వధింపకయే వచ్చిన అర్జునుని చూచి కోపించి, గాండీవమును మరియొకరి కిమ్మని నిందించెను. అట్లన్నవానిని వధించెదనని అర్జునునకు ప్రతిజ్ఞ యుండెను. అన్నపై కత్తి దూసిన అర్జునుని శ్రీకృష్ణుడు వారించి, పెద్దలను తూలనాడుట వారిని చంపుటతో సమానము గావున మాటలతోనే ప్రతిజ్ఞ చెల్లించుకొమ్మనెను. ఆ పని చేసిన పిమ్మట అర్జునుడు పశ్చాత్తాపముతో తన ప్రాణము తానే తీసికొనబోయెను. అప్పుడు శ్రీకృష్ణుడు చెప్పిన ఉపాయము మిక్కిలి చమత్కారమైనది. నీ గుణములను నీ నోటనే పొగడుకొనుము, ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానము అని ఆయన బోధించెను. అర్జునుడు అట్లే చేసెను.

ఆత్మస్తుతిని మన పెద్దలు ఇంత కఠినముగా తలచిరి. ఒకని మంచితనమును ఇరుగుపొరుగువారు చెప్పవలెను గాని తాను చెప్పుకొనరాదను మాట మన పల్లెలలో నేటికిని వినవచ్చుచున్నది. అయినను చరిత్రను పరికించినచో ఆత్మస్తుతి లేని కాలము కానరాదు. రాతిపై చెక్కించుకొన్నవారు కలరు. రాగిరేకులపై వ్రాయించుకొన్నవారు కలరు. అచ్చు పుస్తకములకు రుసుము చెల్లించి తమ జీవితచరిత్రలను చేర్పించుకొన్నవారును కలరు. ఈ పరంపరలో కడపటిది, అంతర్జాలమందలి సర్వజన విజ్ఞానసర్వస్వమగు వికీపీడియాలో తమ్మును గూర్చి తామే వ్రాసికొనుట. దానిని అరికట్టుటకు అచ్చటి స్వచ్ఛంద రచయితలు ఏమేమి చేసిరో, అందేది ఫలించెనో, ఏది వికటించెనో తెలిసికొనుట గ్రంథాలయ పాఠకులకు అవసరము. ఏలయన, మన గ్రామమందలి విద్యార్థి నేడు ఒక కళాశాలను గూర్చి గాని, ఒక మందును గూర్చి గాని, ఒక నాయకుని గూర్చి గాని తెలిసికొన గోరినప్పుడు మొదట చేతనున్న ఫోనునే యడుగుచున్నాడు. ఆ ఫోను చూపు సమాధానములలో వికీపీడియా పుట తరచుగా ముందు వరుసలో నుండును. అందలి వ్రాత ఎవరిదో, ఎవరి మేలుకొరకు వ్రాయబడినదో ఎరుగనిచో మోసపోవువాడు ఆ విద్యార్థియే.

శాసనములు నేర్పిన పాఠము

బాదామి చాళుక్య చక్రవర్తియగు రెండవ పులకేశి విజయములను వర్ణించు శాసనము కర్ణాటకమందలి ఐహొళెలో ఒక జైనాలయపు గోడపై కలదు. అది క్రీ.శ. 634 నాటిది. రచించినవాడు రవికీర్తి యను కవి. మన పిఠాపురమునకు ప్రాచీననామమగు పిష్టపురమును పులకేశి సాధించిన వృత్తాంతము అందు కలదు. హర్షచక్రవర్తి భయముచే తన హర్షమును కోల్పోయెననియు, పల్లవరాజు కాంచీపుర ప్రాకారముల వెనుక దాగెననియు అందు వర్ణింపబడినది. అంతటితో నూరకుండక, కవి తాను కాళిదాస భారవులతో సమానమైన కీర్తి గడించినట్లు కూడ వ్రాసికొనెను.

ఈ శాసనము నొక్కదానినే చదివినవాడు పులకేశికి అపజయమే లేదని తలచును. కాని పల్లవుల శాసనములు వేరొక కథ చెప్పుచున్నవి. నరసింహవర్మ పులకేశిని పలుమారులు ఓడించి వాతాపి నగరమును పట్టుకొనెనని అవి చెప్పును. వాతాపి యనగా బాదామియే. ఆ బాదామిలోనే నరసింహవర్మ శాసనము దొరకుటచే పల్లవుల మాటకు బలము చేకూరినది. చరిత్రకారులు ఉభయపక్షముల పొగడ్తలను ఎదురెదురుగా నిలిపి, రెంటి నడుమనుండి సత్యమును వెలికిదీసిరి. అంతియే కాదు, రవికీర్తి ఆత్మస్తుతియు వ్యర్థము కాలేదు. కాళిదాసును భారవియు క్రీ.శ. 634 నాటికే సుప్రసిద్ధులనుటకు అది చక్కని సాక్ష్యమైనది. కావున పొగడ్తను నమ్మరాదు, పారవేయనురాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరికొరకు వ్రాసిరో తెలిసికొని వాడుకొనవలెను. ఈ సూత్రమును మనస్సున నుంచుకొన్నచో తరువాతి కథ సులభముగా బోధపడును.

అచ్చు పుస్తకముల కాలము

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట విజ్ఞానసర్వస్వములును, ప్రముఖుల జీవితకోశములును వెలువడజొచ్చినవి. వానితోపాటు ఆత్మస్తుతియు కొత్త దారులు వెదకికొన్నది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికాలో జిల్లాల చరిత్రలు విరివిగా అచ్చయ్యెను. ప్రచురణకర్తల ఏజెంట్లు ఊరూర తిరిగి చందాలు కట్టించెడివారు. చందా కట్టిన రైతునకు, వర్తకునకు ఆ గ్రంథమున చిత్రముతో సహా జీవితచరిత్ర లభించెడిది. కట్టనివాడు ఎంతటి ఉపకారియైనను అందు కానరాకపోవుట కలదు. ఇంగ్లండులో ‘హూ ఈజ్ హూ’ అను ప్రముఖుల పట్టిక 1897 నుండి ఆయా ప్రముఖులే నింపియిచ్చిన వివరములతో వెలువడుచు వచ్చినది.

ఇంతకంటె విచిత్రమైనది ఆపిల్టన్ సంస్థవారి అమెరికన్ జీవితచరిత్ర కోశము. 1887 నుండి 1889 వరకు ఆరు సంపుటములుగా అది వెలువడెను. వ్రాసిన నిడివిని బట్టి రచయితలకు ప్రతిఫలమిచ్చెడివారు. అందుచే నెవరో పుట్టని పండితులను పుట్టించి, చేయని యాత్రలను చేయించి, వ్రాయని గ్రంథములను వారికి అంటగట్టిరి. 1919లో వృక్షశాస్త్రజ్ఞుడగు జాన్ హెండ్లీ బార్న్‌హార్ట్ అందలి 14 మంది వృక్షశాస్త్రజ్ఞులు కల్పితులని బయటపెట్టెను. తరువాతి పరిశోధకులు కల్పిత చరిత్రల సంఖ్యను 200 దాక చేర్చిరి. పెద్ద సంపాదకులు, పేరుగల సంస్థ, చక్కని అట్టలు, ఇన్ని యుండియు మోసము బయటపడుటకు 30 ఏండ్లు పట్టెను. గ్రంథము పెద్దదగుటచేతనే సత్యము కాదని దీనివలన తెలియుచున్నది.

మన యాంధ్రదేశమున ఈ కార్యమునకు పూనుకొన్న మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ఆయన యొకరు. పిమ్మట ఆంధ్ర విజ్ఞానసర్వస్వమను బృహత్కార్యమును ఆయన తలకెత్తుకొనెను. 1923లో ఆయన పరమపదించునాటికి ఆ గ్రంథము అకారమును దాటలేదు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దానిని మరల చేపట్టెను. విజ్ఞానసర్వస్వ రచన ఒక్క మనుష్యుని ఆయుర్దాయమునకు లొంగు పని కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. అందరును కలిసి వ్రాసిననే గాని అది పూర్తి కాదు. అందరిని వ్రాయనిచ్చినచో అందు ఆత్మస్తుతిపరులును వచ్చెదరు. వికీపీడియా చరిత్రయంతయు ఈ ద్వైధీభావము నుండియే పుట్టినది.

అందరు వ్రాయు గ్రంథము

2000 మార్చిలో జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ అనువారు అమెరికాలో ‘న్యూపీడియా’ యను అంతర్జాల విజ్ఞానసర్వస్వమును ఆరంభించిరి. అందు పండితులు వ్రాయగా, పలు అంచెలలో పరిశీలన జరిగి, పిదప వ్యాసము ప్రకటింపబడవలెను. ఆ పద్ధతి వలన మొదటి సంవత్సరమున పూర్తియైన వ్యాసములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. అందుచే 2001 జనవరి 15న ఎవరైనను వ్రాయదగిన వికీపీడియాను తెరచిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి అందు సుమారు 20 వేల వ్యాసములు చేరినవి. 2025 నాటికి ఒక్క ఆంగ్ల వికీపీడియాలోనే వాని సంఖ్య 70 లక్షలు దాటినది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టినది.

ఇందలి యంత్రాంగము తెలిసికొనదగినది. ప్రతి పుటకును ‘చరిత్ర’ యను మరియొక పుట అంటియుండును. ఎవరు, ఏ దినమున, ఏ గడియలో, ఏ మాట చేర్చిరో, ఏ మాట తీసివేసిరో అందు నమోదగును. చెడగొట్టిన పుటను క్షణములో వెనుకటి స్థితికి తేవచ్చును. ప్రతి పుటకు ‘చర్చ’ యను పుట కూడ కలదు. అభిప్రాయభేదము వచ్చినచో అందు వాదించుకొందురు. ఆపిల్టన్ కోశమునకును దీనికిని ముఖ్యభేద మిచ్చటనే కలదు. ఆ కోశమున ఏ వ్యాసము ఎవరు వ్రాసిరో పాఠకునకు తెలియు మార్గము లేకుండెను. వికీపీడియాలో వ్రాసినవాడు మారుపేరు పెట్టుకొన్నను, వాని యడుగుజాడలు మాత్రము చెరగవు.

స్థాపకుడే మొదటి ఉదాహరణము

ఆత్మస్తుతి దోషము ఎంత సహజమో చూపుటకు దూరము పోనక్కరలేదు. 2005 డిసెంబరులో ఒక రచయిత చరిత్రపుటలను తిరుగవేయుచు, జిమ్మీ వేల్స్ తన్ను గూర్చిన వ్యాసమును తానే 18 మారులు దిద్దుకొనినట్లు కనుగొనెను. లారీ సాంగర్ సహస్థాపకుడను మాటను తొలగించుట ఆ దిద్దుబాట్లలో ముఖ్యమైనది. విషయము పత్రికల కెక్కగా వేల్స్ అట్లు చేయకుండవలసినదని ఒప్పుకొనెను. స్థాపకుడు చేసిన మార్పు కూడ సామాన్యుని మార్పువలెనే నమోదై, సామాన్యుని చేతనే పట్టువడుట ఇందలి విశేషము.

2006 జనవరిలో అమెరికా ప్రతినిధిసభ సభ్యుడగు మార్టీ మీహన్ కార్యాలయపు సిబ్బంది, ఆయనను గూర్చిన వ్యాసమును తీసివేసి తాము సిద్ధపరచిన జీవితచరిత్రను పెట్టిన సంగతి బయల్పడెను. నాలుగు పర్యాయములకు మించి పదవిలో నుండనని ఆయన పూర్వము చేసిన వాగ్దానము ఆ మార్పుతో మాయమయ్యెను. పొగడ్త చేర్చుట ఒక యెత్తు, నిజమును చెరుపుట మరియొక యెత్తు. రెండవదియే ఎక్కువ హానికరము. ఏలయన చేర్చిన పొగడ్త కంటికి కనబడును, చెరిపిన నిజము కనబడదు.

2007 ఆగస్టులో వర్జిల్ గ్రిఫిత్ అను యువ విద్యార్థి ‘వికీస్కానర్’ అను పనిముట్టును లోకమునకు విడుదల చేసెను. ఖాతా లేకుండ మార్పు చేసినవారి కంప్యూటరు సంఖ్య ఆ కాలమున చరిత్రపుటలో పడుచుండెడిది. ఆ సంఖ్య ఏ సంస్థకు చెందినదో ఈ పనిముట్టు చూపెడిది. 3 కోట్ల 40 లక్షలకు పైబడిన మార్పులను అది యిట్లు జల్లెడ పట్టెను. ఓటింగు యంత్రములు చేయు డీబోల్డ్ సంస్థ కంప్యూటరు నుండి, ఆ యంత్రముల లోపములను చెప్పు 15 పేరాలు తొలగింపబడినట్లు అప్పుడు తేలినది. చాటున చేసిన పని చాటింపు అయినది.

పొగడ్త వ్యాపారమైన వైనము

తొలిదినములలో తన్ను తాను పొగడుకొనువాడు ఒంటరివాడు. క్రమముగా పొగడిపెట్టుట ఒక వృత్తియైనది. గూగులు వంటి శోధన యంత్రములు ఒక పుటకు ఎన్ని చోట్లనుండి లంకెలు కలవో చూచి దాని విలువ కట్టును. అందుచే వర్తకులు తమ పుటలకు వికీపీడియానుండి లంకెలు వేసికొనజొచ్చిరి. 2007 జనవరిలో వికీపీడియావారు తమ బయటి లంకెలను శోధన యంత్రములు లెక్కింపవలదని గుర్తు పెట్టించి ఆ లాభమును తగ్గించిరి. వాదించి మాన్పింపలేని దానిని గిట్టుబాటు లేకుండ చేసి తగ్గించుట మంచి యుపాయము.

కాని వ్యాపారము వేరు రూపమున మరల వచ్చెను. 2013లో వికీ-పీఆర్ అను అమెరికా సంస్థకు సంబంధించినవని తోచిన 250కి పైగా ఖాతాలను నిలిపివేయవలసి వచ్చెను. ఒక్కడే పది పేర్లతో వచ్చి తన వ్రాతను తానే మెచ్చుకొనుట ఇట్టివారి పద్ధతి. మన సభలలో ఒకడే పలుమూలలనుండి చప్పట్లు కొట్టించుట వంటిదిది. అందుపై 2014 జూన్ 16న వికీమీడియా ఫౌండేషను తన నిబంధనలను సవరించి, డబ్బు పుచ్చుకొని వ్రాయువాడు తన యజమాని యెవరో బహిరంగముగా తెలుపవలెనని శాసించెను. కూలికి వ్రాయుటయే నేరమని అది చెప్పలేదు, దాచుట నేరమని చెప్పెను. ఈ భేదము గమనింపదగినది.

2015 ఆగస్టు చివర మరియొక ముఠా పట్టువడెను. దానికి సంబంధించిన 381 ఖాతాలను నిలిపివేసి, 210 వ్యాసములను తొలగించిరి. ఈ ముఠా చేసిన పని ఘోరమైనది. చిన్న వర్తకులు, కళాకారులు తమ్మును గూర్చి వ్రాసికొన్న వ్యాసములు తిరస్కరింపబడినప్పుడు, ముఠావారు వారిని వెదకిపట్టి, డబ్బిచ్చినచో వ్యాసమును నిలిపెదమనిరి. నిలిచిన వ్యాసమునకు కాపలా కూలి పేర నెలనెల సొమ్ము కోరిరి. ఆత్మస్తుతి మోజు గలవాడు దొంగలకు సులభముగా చిక్కునని దీనివలన గ్రహింపనగును.

2019లో నార్త్ ఫేస్ అను దుస్తుల సంస్థ వ్యవహారము ఇంకొక వింత. ఆ సంస్థకు పనిచేయు బ్రెజిలు దేశపు ప్రకటనల కంపెనీ, ప్రసిద్ధ పర్వతములు, ఉద్యానములు మొదలగు ప్రదేశముల వ్యాసములలోని చిత్రములను తీసి, తమ వస్తువులు అగపడు చిత్రములను వాని స్థానమున పెట్టెను. పిమ్మట ఆ చమత్కారమును తామే గొప్పగా చాటుకొనిరి. స్వచ్ఛంద రచయితలు ఆ చిత్రములను తొలగించిరి, కొన్నింటిలో సంస్థ చిహ్నము గల భాగమును కత్తిరించిరి. తుదకు సంస్థ క్షమాపణ చెప్పుకొనెను.

విద్యార్థులకు తగిలిన దెబ్బ

ఇంతవరకు చెప్పినవి పరదేశపు కథలని మనము నిశ్చింతగా నుండరాదు. మన దేశమున ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లానింగ్ అండ్ మేనేజిమెంటు అను విద్యాసంస్థ పత్రికలలో నిలువెత్తు ప్రకటనలతో ప్రసిద్ధికెక్కినది. దానిని గూర్చిన ఆంగ్ల వికీపీడియా వ్యాసము ఏండ్ల తరబడి వివాదగ్రస్తమై యుండెను. సంస్థకు ప్రతికూలమైన విషయములు సన్నగిల్లుచు, అనుకూలమైనవి నిలుచుచు వచ్చినవని తోటి రచయితలు పలుమారులు మొరపెట్టుకొనిరి. అట్లు చేయుచున్నాడని ఆరోపణ పొందినవాడు సామాన్య సభ్యుడు కాడు. మారుపేరుతో 2010 నుండి నిర్వాహకపదవియందున్నవాడు. 2014 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ విద్యాసంస్థ ఎం.బి.ఏ., బి.బి.ఏ. వంటి పేర్లను తన కోర్సులకు వాడరాదని ఆదేశించెను. 2015 ఫిబ్రవరిలో వికీపీడియా మధ్యవర్తుల సంఘము విచారించి ఆ నిర్వాహకుని పదవినుండి తొలగించి, రచననుండియు బహిష్కరించెను.

ఈ ఉదంతము మన యింటి వాకిట జరిగినట్లు తలపవలెను. పొలము తాకట్టు పెట్టి కొడుకును చదివింపదలచిన తండ్రికి, ఆ కొడుకునకు, కళాశాల మంచిచెడ్డలు చెప్పువారు పల్లెలో నెవరు? ప్రకటనను నమ్మరాదని వారికి తెలియును. కాని విజ్ఞానసర్వస్వమును నమ్మవచ్చునని తలతురు. ప్రకటన ప్రకటనగానే వచ్చినచో అంత ప్రమాదము లేదు. అది విజ్ఞానము వేషము వేసికొని వచ్చినప్పుడే ఇల్లు గుల్లయగును. ఆత్మస్తుతి యనగా కొందరి చిలిపి కోరికయని నవ్వి విడువరాదని చెప్పుటకు ఈ యొక్క యుదాహరణము చాలును.

నియమములు, వాని మర్మము

ఇట్టి అనుభవముల వలన వికీపీడియన్లు కొన్ని నియమములను ఏర్పరచుకొనిరి, ఉన్నవానిని గట్టిపరచుకొనిరి. వాని సారము నాలుగు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, వ్రాసిన సంగతులకు నమ్మదగిన ప్రచురిత సాక్ష్యము చూపవలెను. రెండవది, ఏ పక్షమునకును మొగ్గక తటస్థముగా వ్రాయవలెను. మూడవది, ఒక వ్యక్తిని గాని సంస్థను గాని గూర్చి సంబంధము లేని ఇతరులు తగినంత వ్రాసియుండిననే ప్రత్యేక వ్యాసమునకు అర్హత కలుగును. నాలుగవది, తన్ను గూర్చి, తన బంధువులను గూర్చి, తన యుద్యోగమిచ్చిన సంస్థను గూర్చి తాను వ్రాయకుండుట మంచిది. తప్పు కనబడినచో చర్చపుటలో చెప్పి ఇతరులచే దిద్దించుకొనవచ్చును.

ఆత్మస్తుతి వ్యాసమును గుర్తించుట కష్టము కాదు. ‘ప్రఖ్యాత’, ‘అద్వితీయ’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ వంటి విశేషణములు దట్టముగా నుండును. సాక్ష్యములన్నియు ఆ వ్యక్తి సొంత పుటలకే దారితీయును. వ్రాసిన ఖాతా ఆ యొక్క వ్యాసము తప్ప వేరేమియు వ్రాసియుండదు. అనుభవజ్ఞులు మొదట విశేషణములను ఊడ్చివేయుదురు. అట్లు ఊడ్చిన పిదప మిగిలిన గింజలెన్నియో చూతురు. గింజలున్నచో వ్యాసము నిలుచును. పొట్టు మాత్రమే యైనచో చర్చకు పెట్టి తొలగింతురు.

కొత్తవానిని వచ్చీ రాగానే కసరరాదని, వాని యుద్దేశము మంచిదేయని మొదట తలపవలెనని కూడ అచ్చట నియమము కలదు. తన పేరు అచ్చులో చూచికొనవలెనను కోరిక మానవసహజము. దానితో వచ్చినవానికి మార్గము చూపినచో వాడే రేపు నూరుమందిని గూర్చి వ్రాయు మంచి రచయిత కావచ్చును. దండనకంటె బోధన ముందుండవలెను.

నియమము వలన కలిగిన అన్యాయము

అయితే ఈ నియమములు దోషరహితములు కావు. 2018లో కెనడా దేశపు భౌతికశాస్త్రజ్ఞురాలగు డోనా స్ట్రిక్‌లాండ్‌ను గూర్చి ఎవరో ఒక చిత్తువ్యాసము వ్రాసి యాంగ్ల వికీపీడియాకు సమర్పించిరి. ఆమె ప్రాముఖ్యమును చూపు సాక్ష్యములు చాలవని దానిని తిరస్కరించిరి. అదే సంవత్సరము అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటింపబడెను. భౌతికశాస్త్రమున ఆ బహుమతి నందిన స్త్రీలలో ఆమె మూడవది. మొదటి యామె 1903లో మేరీ క్యూరీ, రెండవ యామె 1963లో మరియా గోపెర్ట్ మేయర్. ప్రకటన వెలువడిన దినముననే స్ట్రిక్‌లాండ్‌ను గూర్చిన వ్యాసము వెలసినది.

2012లో అమెరికా నవలాకారుడు ఫిలిప్ రాత్ తన ‘హ్యూమన్ స్టెయిన్’ నవలకు మూలమైన సంగతి వికీపీడియాలో తప్పుగా నున్నదని తెలుపగా, రచయిత మాట ఒక్కటియే చాలదు, వేరొక ముద్రిత సాక్ష్యము కావలెనని సమాధానము వచ్చెను. ఆయన ‘న్యూయార్కర్’ పత్రికలో బహిరంగలేఖ ప్రకటించిన పిదప ఆ లేఖయే సాక్ష్యమైనది. ప్రసిద్ధుడు గావున ఆయనకు పత్రిక దొరకెను. పేరులేనివానికి ఏ పత్రిక దొరకును?

ఆలోచింపదగిన విషయ మిదియే. ఆత్మస్తుతిపరుని ఆపుటకు కట్టిన కంచె, తన్ను గూర్చి ఏనాడును చెప్పుకొనని వినయశీలుని కూడ ఆపుచున్నది. ధనము గలవాడు పత్రికలలో వ్రాయించుకొని, ఆ వ్రాతలనే సాక్ష్యముగ చూపి లోనికి రాగలడు. వానకాలమున వరదకు అడ్డుపడి ఊరిని కాపాడినవానిని గూర్చి, నలువది యేండ్లు ఒకే బడిలో చదువు చెప్పిన పంతులుగారిని గూర్చి, బుర్రకథలు చెప్పి జిల్లానంతటిని మేల్కొల్పిన కళాకారిణిని గూర్చి ముద్రిత సాక్ష్యము లేకపోవచ్చును. అంతమాత్రమున నియమమును ఎత్తివేయుట పరిష్కారము కాదు. కంచె తీసినచో లోనికి వచ్చువారు వినయశీలురు కారు, పొగడ్తల వ్యాపారులే. పరిష్కారము వేరొకచోట నున్నది. తన్ను గూర్చి తాను చెప్పుకొననివానిని గూర్చి ఇతరులు చెప్పవలెను, సాక్ష్యముతో చెప్పవలెను.

తెలుగు రచ్చబండ

తెలుగు వికీపీడియాలో సభ్యులు కూడి సమస్యలు మాటలాడుకొను పుటకు ‘రచ్చబండ’ యని పేరు. ఊరి రావిచెట్టు క్రింది పేరునే ఏరుకొనుట ముచ్చటగ నున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల గ్రామములకు అందు పుటలు కలవు. 2011 జనాభా లెక్కల ననుసరించి జనసంఖ్య, విస్తీర్ణము, బడులు, వైద్యసౌకర్యములు, సాగునీటి వసతులు మున్నగునవి వానిలో చేరినవి. ఈ గ్రామపుటలలో ‘గ్రామ ప్రముఖులు’ అను శీర్షిక తరచుగా కనబడును. ఆత్మస్తుతికి పల్లెలో తెరచియున్న తలుపు అదియే. తన పేరు, తన మేనల్లుని పేరు, తన పక్షపు నాయకుని పేరు అందు వ్రాసిపోవుట కష్టమైన పని కాదు. ఆ వ్రాతను కాపాడుటకుగాని తీసివేయుటకుగాని దూరదేశమందలి నిర్వాహకునకు ఊరి సంగతి ఏమి తెలియును? సాక్ష్యము లేనిదానిని తీసివేయుట తప్ప అతనికి వేరు దారి లేదు.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని కలదు. బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిననాటి నుండియు మన గ్రంథాలయములు చదువుటకు చోటుగ నుండినవి. ఇక మీదట సాక్ష్యములను భద్రపరచు చోటుగ కూడ నుండవలెను. ఊరిని గూర్చి పత్రికలలో వచ్చిన వార్తలను తేదీతో కత్తిరించి యంటింపవలెను. బడి వార్షికోత్సవ సంచికలు, సహకార సంఘపు అచ్చు నివేదికలు, స్థానిక కవుల చిన్న పుస్తకములు చెదలపాలు కాకుండ దాచవలెను. ఊరిలో నున్న శాసనమును ప్రభుత్వమువారు ఏ సంపుటమున ప్రకటించిరో కనుగొనవలెను. అట్టి మూలములున్నప్పుడు, ఫోను వాడనేర్చిన మన పిల్లలు గ్రామపుటలో ఊరిని గూర్చి నిలుకడగల మాట వ్రాయగలరు. ఎవరు తీసివేసినను పుట సంఖ్యతో సహా చూపి మరల నిలుపగలరు.

ఇట్టి రజతోత్సవ సంచికలు కూడ ఆత్మస్తుతికి అలవాటుపడిన చోట్లే యని మరువరాదు. అధ్యక్ష కార్యదర్శుల చిత్రములు ముందు పుటలలో నుండును. పుస్తకములకు అట్టలు వేసినవాని పేరు, వేసవిలో చలివేంద్రము నడిపినామె పేరు ఎచ్చటనో మూలనుండును, లేదా యుండనే యుండదు. రేపటి చరిత్రకారుడు ఈ సంచికను రవికీర్తి శాసనమువలెనే చదువును. ఎవరు వ్రాసిరి, ఎవరికొరకు వ్రాసిరి అని యడుగును. విశేషణములను ఊడ్చి గింజలను వెదకును. కావున పుస్తకముల సంఖ్య, చందాల లెక్క, దాతల పేర్లు, మూతపడిన దినముల కారణములు, అప్పుల వివరములు ఉన్నవి ఉన్నట్లు వ్రాసియుంచుట మనకే గౌరవము.

వికీపీడియాయు మన గ్రంథాలయమును ఇంచుమించు ఒకే యీడువి. ఈ కాలమున ఆ గ్రంథము నేర్చిన పాఠము మనకును పనికివచ్చును. పొగడుకొనువానిని తిట్టి ప్రయోజనము లేదు. వాని మాటకు సాక్ష్యమడుగవలెను, వాని యడుగుజాడలను వెలుగులో నుంచవలెను. పొగడుకొననివానిని గూర్చి మనమే పూనుకొని వ్రాయవలెను. పాఠకసోదరులును, పాఠకసోదరీమణులును ఒక్కొక్కరు ఈ సంవత్సరమున, తమకు బంధువు కాని, తమ పక్షమువాడు కాని, ఊరికి మేలుచేసిన ఒక్క మనుష్యుని గూర్చి తేదీలతో, ఆధారములతో నాలుగు పుటలు వ్రాసి గ్రంథాలయమున నుంచుదురుగాక. ఆ పుటలను ఎప్పుడైన నొకనాడు ఏ విద్యార్థియో తెరచి చూచి, ఇది యెవరో తన్ను తాను పొగడుకొన్న మాట కాదు, ఊరు చెప్పిన మాట అని నమ్మగలిగిన నాడు మన శ్రమ ఫలించినట్లే.